స్టాల్ ముందు మూడు సెకన్లు: ట్రేడ్ షోలో సందర్శకుల అడుగు ఎక్కడ ఆగుతుంది?

వాణిజ్య ప్రదర్శన ముగిసిన సాయంత్రం సామాను సర్దుకుంటూ చాలామంది ప్రదర్శనకారులు అనుకునే మాట ఒకటుంది: "స్టాల్ చాలా బాగా కుదిరింది, కానీ జనమే ఆగలేదు." చిక్కంతా ఈ మాటలోనే ఉంది. బాగా కుదిరింది ఎవరి కంటికి? నెల రోజులపాటు కంప్యూటర్ తెర మీద స్టాల్ బొమ్మను నేరుగా ఎదుట పెట్టుకుని చూసినవారి కంటికి. సందర్శకులు దాన్ని అలా చూడరు. అప్పటికే ఎన్నో స్టాళ్ళు తిరిగిన అలసటతో, పక్కవారితో మాట్లాడుతూ, ఓరగా చూస్తూ నడిచి వెళ్తారు. తెర మీది స్టాల్, నడవలోంచి కనిపించే స్టాల్ ఒకటి కావు.

సలహాలకు మాత్రం కొదవ లేదు. పెద్ద తెర పెట్టాలని ఒకరంటే, తెరలు పెట్టి ప్రయోజనం లేదని మరొకరంటారు. కానుకలు పంచాలని కొందరు, పంచితే పనికిరాని గుంపే మిగులుతుందని ఇంకొందరు. ఎవరి అనుభవం వారికి నిజమే. 'ఆకర్షణ' అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు పనులు దాగి ఉండడం వల్లనే ఈ గందరగోళం. దూరం నుంచి కంట పడడం మొదటిది. నడుస్తున్న మనిషిని ఆపడం రెండోది. ఆగిన మనిషితో పనికొచ్చే మాట మొదలవడం మూడోది. వీటిలో ఒకదానికి మేలు చేసే ఏర్పాటు మరొకదానికి అడ్డు పడవచ్చు. స్టాల్ రూపకల్పనలో కష్టమంతా అక్కడే ఉంది.

సరుకు నుంచి నమూనాకు

ఒక రంగానికి చెందిన తయారీదారులు, కొనుగోలుదారులు, పంపిణీదారులు కొన్ని రోజులపాటు ఒకచోట కలుసుకునే ఏర్పాటే ట్రేడ్ షో. అక్కడికక్కడ సరుకు అమ్మే సంతకూ దీనికీ తేడా ఉంది. జర్మనీలోని లైప్‌జిగ్ శతాబ్దాల పాటు సంతలకు పేరుమోసిన ఊరు. వర్తకులు సరుకంతా మోసుకొచ్చి అమ్ముకుని వెళ్ళేవారు. ఫ్యాక్టరీలు వచ్చి, ఒకే అచ్చులో వేలకొద్దీ వస్తువులు తయారవడం మొదలయ్యాక అంత సరుకు మోయవలసిన అవసరం తీరిపోయింది. ఒక నమూనా చూపించి ఆర్డర్లు రాసుకుంటే సరిపోతుంది. 1895లో లైప్‌జిగ్ తన సంతను నమూనాల ప్రదర్శనగా మార్చుకుంది. నేటి ట్రేడ్ షోలు ఆ కోవకు చెందినవే.

ఈ చరిత్రను గుర్తు చేయడానికి కారణం ఉంది. నమూనాల ప్రదర్శనలో స్టాల్ పండించే పంట అమ్మకం కాదు, సంభాషణ. ఆ సంభాషణ వారాల తర్వాతో నెలల తర్వాతో ఆర్డరుగా మారవచ్చు. దుకాణపు అలంకరణకు పనికొచ్చే సూత్రాలన్నీ స్టాల్‌కు యథాతథంగా పనికిరాకపోవడానికి ఇదే కారణం.

స్టాళ్ళు నిలబడే చోటును బట్టి నాలుగు రకాలు. వరుసలో రెండు స్టాళ్ళ మధ్య ఇరుక్కుని, ఒక్క వైపే నడవకు తెరుచుకునేది వరుస స్టాల్. రెండు వైపులా తెరిచి ఉంటే మూల స్టాల్, మూడు వైపులా అయితే ద్వీపకల్పం, నాలుగు వైపులా నడవలే ఉంటే ద్వీపం. కట్టే తీరును బట్టి చూస్తే రెండు రకాలు. నిర్వాహకులే అల్యూమినియం స్తంభాలు, తెల్ల పలకలు, పైన కంపెనీ పేరు రాసిన పట్టీ, ఒకటి రెండు దీపాలు అమర్చి ఇచ్చేది షెల్ స్కీమ్. ఖాళీ నేల మాత్రమే ఇచ్చి, మిగతాదంతా ప్రదర్శనకారులకే వదిలేసేది రా స్పేస్. చిన్న సంస్థల్లో ఎక్కువమందికి దొరికేది షెల్ స్కీమ్‌లోని వరుస స్టాల్, సుమారు మూడు మీటర్ల చదరం. ఆకర్షణ సమస్య అన్నిటికంటే కఠినంగా ఎదురయ్యేది కూడా అక్కడే. అందుకే కింది లెక్కలన్నీ ఆ స్టాల్ చుట్టూ అల్లాను.

వెనక గోడ ఎప్పుడు కనిపిస్తుంది?

మూడు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల లోతు. రెండు పక్కలా చివరిదాకా నిండు ఎత్తు గోడలు. ఎదుట మూడు మీటర్ల నడవ. ఒక సందర్శకురాలు నడవ మధ్యలో, అంటే స్టాల్ అంచుకు మీటరున్నర ఎడంగా, ఎడమ నుంచి కుడికి నడిచి వస్తున్నారు. మామూలు నడక వేగం సెకనుకు 1.2 నుంచి 1.4 మీటర్లు. హాల్లో రద్దీ ఉంటుంది కాబట్టి సెకనుకు ఒక మీటరు అనుకుందాం.

ప్రదర్శనకారులు తమ పేరును, ముఖ్యమైన వాక్యాన్ని, ఖరీదైన బొమ్మను దాదాపు ఎప్పుడూ వెనక గోడకే పెడతారు. ఆ గోడ ఆమెకు ఎప్పుడు కనిపిస్తుంది? దగ్గరి పక్క గోడ చూపుకు అడ్డుగా ఉంది. గళ్ళ కాగితం మీద చూపు గీతలు గీసి చూస్తే ఫలితం కలవరపెడుతుంది. ఆమె స్టాల్‌కు మీటరున్నర దూరానికి వచ్చేదాకా వెనక గోడ ఒక్క అంగుళం కూడా కనిపించదు. అప్పుడు కుడి చివర కనిపించడం మొదలవుతుంది. గోడ మధ్యభాగం కనబడేది ముప్పావు మీటరు దూరానికి వచ్చాక. గోడ మొత్తం ఒకేసారి కనిపించేది ఆమె సరిగ్గా స్టాల్ ముందు ఉన్నంతసేపే. మూడు మీటర్లు, మూడు సెకన్లు. అదీ ఆమె తల పక్కకు తిప్పితే.

ఇప్పుడు అవతలి పక్క గోడను చూద్దాం. దాని లోపలి ముఖం ఆమె వస్తున్న దిక్కుకే తిరిగి ఉంది. నడవ అంచు నుంచి ఒక మీటరు లోపలున్న చోటు ఆమెకు నాలుగున్నర మీటర్ల దూరం నుంచే కనిపిస్తుంది. వెనక గోడ మొదటి తళుకు కన్నా ఇది మూడు రెట్ల ముందు. అటునుంచి వచ్చేవారికి ఇవతలి పక్క గోడ అదే పని చేస్తుంది. అయినా ఎన్నో స్టాళ్ళలో పక్క గోడలు ఖాళీగానో, చిన్న అక్షరాల కాగితాలతోనో ఉంటాయి. నాకు ఇది ఎప్పుడూ బాధ కలిగించే దృశ్యం. డబ్బంతా వెనక గోడకు పెట్టి, ముందుగా కనబడే గోడను వదిలేసుకుంటారు.

నిబంధనల వెనక ఉన్న తర్కం కూడా ఈ లెక్కతో తేటపడుతుంది. అమెరికాలో నిర్వాహకులు విస్తృతంగా అనుసరించే మార్గదర్శకాల ప్రకారం వరుస స్టాల్ వెనక సగంలో 8 అడుగుల ఎత్తు దాకా కట్టవచ్చు. నడవ వైపు ముందు సగంలో 4 అడుగులు మించకూడదు. కొత్తగా వచ్చినవారికి ఇది అనవసరమైన పట్టింపులా తోస్తుంది. కానీ పక్క గోడ ముందు సగం చూపుకన్నా కిందికి దిగిందంటే, పైన చెప్పిన సందర్శకురాలికి వెనక గోడ కుడి చివర మీటరున్నర నుంచి కాక ఆరు మీటర్ల నుంచే కనిపిస్తుంది. మధ్యభాగం మూడు మీటర్ల నుంచి కనిపిస్తుంది. ఒక స్టాల్ మరో స్టాల్‌ను కప్పేయకుండా కాపాడే నియమం అది. కాబట్టి పక్క గోడల ఎత్తు ఎంత, అవి ఎంత లోతు వరకు వస్తాయి అన్న సమాచారం అందాకే ఏ గోడ మీద ఏమి పెట్టాలన్న ప్రశ్నకు అర్థం ఉంటుంది.

చూపు గీతల గురించి ఆలోచించడం కొత్త సంగతేమీ కాదు. 1930లో పారిస్‌లో జరిగిన జర్మన్ వర్క్‌బుండ్ (కళాకారులు, తయారీదారుల సంఘం) ప్రదర్శన కోసం డిజైనర్ హెర్బర్ట్ బాయర్ గీసిన రేఖాచిత్రం ఒకటి ఈ రంగంలో ప్రసిద్ధం. తల ఉండవలసిన చోట పెద్ద కన్ను ఉన్న మనిషి, అతని చూపుకు ఎదురయ్యేలా కిందా పైనా వేర్వేరు కోణాల్లో వంచిన పలకలు. గోడకు సమాంతరంగా బొమ్మలు తగిలించడమే ప్రదర్శన కాదనీ, పలక కంటి వైపు తిరగాలనీ ఆ బొమ్మ చెబుతుంది. ద్వీపం లాంటి పెద్ద స్టాళ్ళకు అన్ని వైపుల నుంచీ చూపు దొరుకుతుంది, నిబంధనలు ఒప్పుకుంటే పైనుంచి వేలాడదీసిన గుర్తు హాలు అవతలి నుంచి కూడా కనిపిస్తుంది. వాటి కష్టాలు వేరు.

దూరానికో మాట

మూడు సెకన్లలో ఎన్ని మాటలు చదవగలం? ఇంగ్లీషులో మౌనంగా, కుదురుగా కూర్చుని చదివే వేగం నిమిషానికి దాదాపు 240 పదాలని అంచనా. అంటే సెకనుకు నాలుగు. మూడు సెకన్లకు పన్నెండు. నడుస్తూ, పక్కకు చూస్తూ చదివేటప్పుడు అందులో సగం దక్కితే గొప్ప. వెనక గోడ మీద అయిదారు పదాలకు మించి రాసినదంతా ఆగినవారి కోసమే కానీ, ఆపడానికి పనికిరాదు. తెలుగులో ఒక్క పదమే ఇంగ్లీషులో మూడు పదాల భారం మోయగలదు కాబట్టి ఇక్కడ పదాల లెక్క ఇంకా తగ్గుతుంది.

అక్షరం ఎంత ఎత్తు ఉండాలన్న దానికి బోర్డులు తయారుచేసేవారి వాడుకలో ఒక సూత్రం ఉంది: ప్రతి పది అడుగుల దూరానికి ఒక అంగుళం. అంటే దూరంలో నూట ఇరవయ్యో వంతు. పన్నెండు మీటర్ల నుంచి సుఖంగా చదవాలంటే పది సెంటీమీటర్ల అక్షరం కావాలి. నడవ మధ్య నుంచి వెనక గోడ దాకా ఉన్న నాలుగున్నర మీటర్లకు నాలుగు సెంటీమీటర్లు చాలు. ఈ కొలత రోమన్ పెద్ద అక్షరాలను దృష్టిలో ఉంచుకుని పుట్టింది. తెలుగులో గుణింతం పైకి, ఒత్తు కిందికి సాగుతాయి. బోర్డు మీద అదే ఎత్తు కేటాయిస్తే అసలు అక్షరం చాలా చిన్నదైపోతుంది. 'స్వచ్ఛ', 'యంత్రం' లాంటి మాటల్లో ఒత్తులు కలిసిపోయి మచ్చల్లా కనబడతాయి. తెలుగు వాక్యానికి ఈ సూత్రం చెప్పినదానికంటే ఎక్కువ ఎత్తు, వరుసల మధ్య ఎక్కువ ఎడం కావలసి వస్తుంది.

దీనికి తిరగేసిన విశేషం ఒకటి ముద్రణలో ఉంది. మామూలు కన్ను విడదీసి చూడగలిగే అతి చిన్న కోణం డిగ్రీలో అరవయ్యో వంతు. మూడు మీటర్ల దూరంలో అది సుమారు 0.9 మిల్లీమీటర్లు. అంటే అక్కడినుంచి చూసే బొమ్మకు అంగుళానికి 30 చుక్కలున్నా తేడా తెలియదు. మనుషులు దగ్గరగా కూడా వస్తారు కాబట్టి ఆచరణలో 100 వరకు తీసుకుంటారు. పుస్తకానికి కావలసిన 300 చుక్కల నాణ్యత కోసం నిలువెత్తు బొమ్మల మీద పడే ఆరాటంలో చాలావరకు అనవసరమే.

ఇక కదిలే బొమ్మలు. కంటి అంచు చూపు అక్షరాలను చదవలేకపోయినా కదలికను పసిగడుతుంది. కాబట్టి తెర తల తిప్పించగలదు. అయితే రెండు పరిమితులున్నాయి. ఒకటి, ప్రత్యేకత ఎప్పుడూ చుట్టుపక్కల వాటితో పోల్చుకుంటేనే తేలుతుంది. వరుసలో వేరుగా ఉన్నదే మనసులో నిలుస్తుందని జర్మన్ పరిశోధకురాలు హెడ్విగ్ ఫాన్ రెస్టోర్ఫ్ 1933లోనే చూపించారు. నడవంతా తెరలే మిణుకుమంటుంటే, కదలకుండా ఉన్న ఒక్క పెద్ద వస్తువే వేరుగా కనిపిస్తుంది. రెండు, తెరలో తిరిగే రెండు నిమిషాల చిత్రాన్ని దారినపోయేవారు మొదటి నుంచి చూడరు. మధ్యలో ఏవో మూడు సెకన్లు, అదీ శబ్దం వినబడకుండా చూస్తారు. ఏ మూడు సెకన్లు తీసుకున్నా అర్థం అయ్యే చిత్రం, చివర్లో అసలు విషయం చెప్పే చిత్రం పూర్తిగా వేరు. తెరలు పనిచేస్తాయా లేదా అన్న వాదంలో ఇరువైపులవారు తరచూ ఈ రెండు రకాల గురించే విడివిడిగా మాట్లాడుతుంటారు.

వెలుతురుకు కూడా పోలికే ప్రాణం. చుట్టూ ఉన్న వెలుగు కన్నా సుమారు మూడు రెట్లు వెలుగు పడితేనే ఒక వస్తువు ప్రత్యేకంగా తెలుస్తుందని దీపాల అమరిక చేసేవారి లెక్క. దీపం దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. స్టాల్ అంతటినీ సమానంగా వెలిగించే దీపాలు ఎన్ని పెట్టినా ఏ ఒక్కటీ ప్రత్యేకంగా కనిపించకపోవడానికి కారణం ఆ పోలిక లేకపోవడమే.

ముందు బల్ల అనే గోడ

ఏ ప్రదర్శనకు వెళ్ళినా నా చూపు ముందుగా పోయేది స్టాల్ ముందు అంచుకు. అక్కడ అడ్డంగా బల్ల ఉందా, లేదా? బల్ల ఉంటే కాగితాలు పేర్చుకోవడానికి, ఆనుకుని నిలబడడానికి సౌకర్యం. సందర్శకులు మాత్రం నడవలోనే ఉండిపోతారు. లోపలికి రావడమంటే ఏదో ఒప్పుకున్నట్టే అన్న జంకు చాలామందిలో ఉంటుంది కాబట్టి, బల్ల బయటి నుంచే చూసి వెళ్ళిపోయే వీలు కొందరికి నిజంగానే ఊరట. చిన్న వస్తువును చేతికిచ్చి అర నిమిషంలో చూపించే స్టాల్‌కు బల్ల మేలే చేస్తుంది. పది నిమిషాల మాట అవసరమైన స్టాల్‌కు అది గోడ అవుతుంది.

మనుషుల మధ్య దూరాలను కొలిచిన మానవ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ అపరిచితుల మధ్య జరిగే మామూలు వ్యవహారానికి సుమారు 1.2 నుంచి 3.6 మీటర్ల ఎడం ఉంటుందని గమనించారు. ఆయన పరిశీలించినది అమెరికన్లను. ఇతర సమాజాల్లో ఈ అంకెలు మారతాయని కూడా ఆయనే అన్నారు. ఈ కొలతతో చూస్తే, సిబ్బంది వెనక గోడకు ఆనుకుని నిలబడితే నడవ మధ్యలోని మనిషికి నాలుగున్నర మీటర్ల దూరం. పలకరింపు కేకలా వినిపిస్తుంది. సరిగ్గా అంచు మీద నిలబడితే దూరం మీటరున్నర. పలకరింపుకు సరిపోతుంది కానీ, మధ్యలో నిలబడితే కాపలాదారులా కనిపిస్తారు, వెనకున్నదంతా కప్పేస్తారు. పక్క గోడ దగ్గర, అంచుకు కాస్త లోపల నిలబడినవారికి ఈ రెండు ఇబ్బందులూ తగ్గుతాయి.

వస్తువును ఎక్కడ పెట్టాలన్నదీ ఇలాంటి బేరమే. అంచుకు అర మీటరు లోపల, మధ్యలో పెట్టిన యంత్రం నాలుగున్నర మీటర్ల నుంచే కంట పడుతుంది. కానీ దాన్ని చూసేవారు నడవలో నిలబడవలసి వస్తుంది, వెనకనుంచి వెళ్ళేవారు భుజాలు రాసుకుంటారు. అలా తగులుతూ ఉంటే ఎవరూ ఎక్కువసేపు నిలవరు. యంత్రాన్ని ఇంకో అర మీటరు లోపలికి జరిపితే చూసేవారికి నిలబడే చోటు దొరుకుతుంది. కంట పడే దూరం మాత్రం రెండుంపావు మీటర్లకు, అంటే సగానికి పడిపోతుంది. ఒక్క అర మీటరుకు ఇంత తేడా. కంట పడడం, ఆగడం అనే రెండు పనులు పోట్లాడుకునేది ఇలాంటి చోట్లే.

నేల ఎత్తు చేసి వేదికలా కట్టడం అందమే కానీ, దానికి మూల్యం ఉంది. చక్రాల కుర్చీ ఎక్కగలిగే వాలుకు విస్తృతంగా పాటించే కొలత పన్నెండుకు ఒకటి. పది సెంటీమీటర్ల వేదికకు 1.2 మీటర్ల వాలు కావాలి. మూడు మీటర్ల స్టాల్‌లో అది లోతులో నలభై శాతాన్ని మింగేస్తుంది. వాలు కట్టకపోతే కొందరు సందర్శకులను గుమ్మంలోనే ఆపేసినట్టు.

గుంపు గుంపును పిలుస్తుంది

1854లో న్యూయార్క్ క్రిస్టల్ ప్యాలెస్ ప్రదర్శనలో ఎలీషా ఓటిస్ ఎత్తయిన వేదిక మీద నిలబడి, దాన్ని పట్టి ఉంచిన తాడును అందరి ఎదుటా నరికించాడు. వేదిక కొద్దిగా జారి ఆగిపోయింది. ఆయన అమ్మదలచుకున్నది తాడు తెగినా పడిపోని లిఫ్టును. దాని లోపలి పళ్ళచక్రాల బొమ్మ గీసి గోడకు తగిలించి ఉంటే ఎవరు చదివేవారు? కొనేవారి మనసులోని భయాన్నే కళ్ళముందు పెట్టి, అది తీరిపోవడాన్ని చూపించాడు. డెమో అంటే వస్తువు పనిచేయడం చూపించడమే అని చాలామంది అనుకుంటారు. ఓటిస్ చూపించినది లిఫ్టు పైకి ఎక్కడాన్ని కాదు, పడకపోవడాన్ని.

డెమోకు మరో బలం కూడా ఉంది. నిలబడి చూస్తున్నవారే కొత్తవారికి పిలుపు. 1969లో మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ బృందం న్యూయార్క్ కాలిబాట మీద ఈ సంగతిని కొలిచింది. ఒక్క మనిషి నిలబడి ఆరో అంతస్తు కిటికీ వైపు చూస్తుంటే దారినపోయేవారిలో నాలుగు శాతం మంది ఆగారు. పదిహేనుమంది చూస్తుంటే నలభై శాతం మంది ఆగారు. ఆగినా ఆగకపోయినా తలెత్తి చూసినవారి వాటా 42 నుంచి 86 శాతానికి పెరిగింది. ఈ అంకెల్లో నాకు ఆసక్తి కలిగించేది రెండు వాటాల మధ్య తేడా. ఒక్క మనిషి కూడా దాదాపు సగంమంది చూపును తిప్పగలడు. అడుగును ఆపడానికి మాత్రం గుంపు కావాలి. కాలిబాట అనుభవం హాల్లో అచ్చంగా అలాగే జరుగుతుందని చెప్పలేం. అయినా చూపు వేరు, అడుగు వేరు అన్న సంగతి దీనికన్నా స్పష్టంగా తేల్చిన కొలత నాకు కనబడలేదు.

నిర్ణీత సమయానికి మొదలయ్యే డెమో చుట్టూ గుంపు చేరుతుంది, అయిపోగానే ఒక్కసారిగా చెదిరిపోతుంది. ఆ చెదిరే క్షణంలో మాట కలపడానికి ఎంతమంది సిబ్బంది ఉన్నారన్న దాని మీదే ఆ గుంపు విలువ ఆధారపడుతుంది. దారి మూసుకుపోతే నిర్వాహకులు, పొరుగు స్టాళ్ళవారు అభ్యంతరం చెబుతారు, అది న్యాయమే.

ఎక్కువమందా, కావలసినవారా?

ఈ రంగంలో అసలు వాదం ఇది. వీలైనంతమందిని ఆపితే వారిలో కావలసినవారూ ఉంటారని ఒక పక్షం. అక్కరలేనివారిని మొదటే సాగనంపే స్టాలే మంచి స్టాలని మరో పక్షం.

ఒక ఊహాజనిత లెక్క వేసి చూద్దాం. రెండు స్టాళ్ళు. రెండింటిలోనూ ఇద్దరేసి సిబ్బంది, రోజుకు ఏడు గంటలు, ఒక్కో సంభాషణకు ఎనిమిది నిమిషాలు. ఇద్దరూ కలిసి రోజుకు గరిష్ఠంగా 105 మందితో మాట్లాడగలరు. మొదటి స్టాల్ కానుకలు, ఆటలు పెట్టి 500 మందిని ఆపింది. వారిలో నిజంగా కొనే అవకాశం ఉన్నవారు 50 మంది. రెండో స్టాల్ తాము ఎవరి కోసమో గోడ మీద నేరుగా రాసి 120 మందినే ఆపింది. వారిలో కొనేవారు 40 మంది.

వచ్చినవారితో వచ్చిన క్రమంలో మాట్లాడుతూ పోతే, మొదటి స్టాల్‌కు 105 సంభాషణల్లో కొనేవారితో జరిగేవి పది లేదా పదకొండు. రెండో స్టాల్‌కు 35. ఇక్కడికి రెండో పక్షానిదే గెలుపు.

కానీ మొదటి స్టాల్‌వారు ఒక్కొక్కరినీ అర నిమిషంలో ఒకే ప్రశ్నతో వడపోస్తే? 500 మందికి 250 నిమిషాలు పోతాయి. ఇద్దరి చేతిలోని 840 నిమిషాల్లో 590 మిగులుతాయి. దానితో 73 సంభాషణలు సాధ్యం కాబట్టి 50 మంది కొనేవారితోనూ మాట్లాడవచ్చు. ఇప్పుడు గెలుపు మొదటి పక్షానిది. రెండో స్టాల్ ఇదే వడపోత చేసినా 40 మంది దగ్గర ఆగిపోతుంది. అయితే వడపోతకు మనిషికి నిమిషంపావు పడితే మొదటి స్టాల్‌కు మిగిలేది 215 నిమిషాలే, 27 సంభాషణలు కూడా పూర్తి కావు. అప్పుడు వడపోత లేని రెండో స్టాల్ కన్నా అది వెనకబడుతుంది.

అంటే ఫలితం ఏ స్టాల్ అందంగా ఉందన్న దానికన్నా, ఒక మనిషిని మర్యాదగా ఎంత త్వరగా గుర్తించి సాగనంపగలరన్న దాని మీదే వేలాడుతోంది. కానుక కోసం చేయి చాచిన మనిషితో ఆ పని అర నిమిషంలో ముగించడం మాటలు కాదు. గోడ మీది వాక్యం ఆ వడపోతను జీతం లేకుండా చేసిపెడుతుంది. 'మీ భవిష్యత్తుకు తోడుగా' అన్న వాక్యం ఎవరినీ వడపోయదు. 'తడి ధాన్యాన్ని నాలుగు గంటల్లో ఆరబెట్టే యంత్రం' అన్న వాక్యం చదివినవారిలో చాలామంది సాగిపోతారు, ధాన్యంతో పని ఉన్నవారు ఆగుతారు. నా మొగ్గు రెండో పక్షం వైపే, ముఖ్యంగా ఇద్దరు ముగ్గురితో నడిచే చిన్న స్టాళ్ళకు. పేరు నలుగురి నోళ్ళలో నానడమే లక్ష్యంగా వచ్చిన పెద్ద సంస్థకు మాత్రం 500 అన్న అంకె దానికదే ఫలితం. ఇరవైమంది సిబ్బంది ఉన్నప్పుడు లెక్క మారిపోతుంది.

సిబ్బందిని పెంచితే సరిపోదా అంటే, నేల ఒప్పుకోదు. ఖాళీ స్థలంలో ప్రతి 50 చదరపు అడుగులకు, అంటే సుమారు 4.6 చదరపు మీటర్లకు ఒకరు అన్నది ఈ రంగంలో వాడుకలో ఉన్న లెక్క. తొమ్మిది చదరపు మీటర్ల స్టాల్‌లో బల్ల, అలమర, వస్తువు పోగా ఆరున్నర మిగిలితే ఇద్దరే ఎక్కువ. నలుగురిని నిలబెడితే సందర్శకులకు చోటుండదు.

ఎన్ని వస్తువులు పెట్టాలన్న ప్రశ్నకూ ఈ వాదంతో సంబంధం ఉంది. మనస్తత్వ పరిశోధకులు షీనా అయ్యంగార్, మార్క్ లెపర్ 2000లో ప్రచురించిన ప్రయోగం జరిగింది కూడా ఒక రుచి చూపించే స్టాల్ దగ్గరే. 24 రకాల జామ్ పెట్టినప్పుడు దారినపోయేవారిలో 60 శాతం ఆగారు. ఆరు రకాలే పెట్టినప్పుడు 40 శాతం. కానీ ఆగినవారిలో కొన్నవారు మొదటిదానిలో 3 శాతం, రెండోదానిలో 30 శాతం. వస్తువులు తగ్గించండి అన్న సలహాకు ఎందరో దీన్నే ఆధారంగా చూపుతారు. కథ అక్కడితో అయిపోలేదు. ఇలాంటి ప్రయోగాలు యాభైని కలిపి 2010లో విశ్లేషిస్తే, సగటున ఎంపికల సంఖ్య ప్రభావం సున్నాకు దగ్గరగా తేలింది. కొన్నిచోట్ల ఎక్కువ ఎంపికలు చేటు, కొన్నిచోట్ల మేలు. తమకేం కావాలో ముందే తెలిసినవారిని ఎక్కువ రకాలు అంతగా ఇబ్బంది పెట్టవని 2015లో వచ్చిన మరో విశ్లేషణ తేల్చింది. ట్రేడ్ షోకు విడిభాగం సంఖ్య రాసుకుని వచ్చే ఇంజినీరు ఒకరైతే, రంగంలో కొత్తగా అడుగుపెడుతున్న పెట్టుబడిదారు మరొకరు. మొదటివారికి నిండు అలమర భరోసా, రెండోవారికి అదే అయోమయం.

తలలు తిరిగాయా, అడుగులు ఆగాయా?

రోజు చివర చేతిలో మిగిలే విజిటింగ్ కార్డుల కట్ట ఏ పని ఎక్కడ తప్పిందో చెప్పదు. ఎదుటి స్టాల్ పక్కన పావుగంట నిలబడి మూడు అంకెలు రాసుకున్నవారికి అది తెలుస్తుంది: ఎంతమంది దాటారు, ఎంతమంది తల తిప్పారు, ఎంతమంది ఆగారు. తలలే తిరగలేదంటే లోపం చూపు గీతల్లో ఉంది. పక్క గోడలు, అక్షరాల ఎత్తు, వెలుతురు అనుమానించవలసినవి. తలలు తిరిగి అడుగులు ఆగలేదంటే కనబడినదానిలో తమకు సంబంధించినదేదీ లేదనుకున్నారు, లేదా బల్ల దగ్గర జంకారు. ఆగినవారు అర నిమిషంలో వెళ్ళిపోతుంటే వాక్యం తప్పుడువారిని పిలుస్తోంది, లేదా వారు ఆగిన వేళకు పలకరించడానికి ఎవరికీ తీరిక లేదు.

మొదటి రోజు మధ్యాహ్నం ఈ అంకెలు చేతిలో ఉంటే రెండో రోజు ఉదయానికి మార్చగలిగినవి కొన్ని ఉంటాయి. బల్లను పక్క గోడకు జరపడం, దీపాన్ని తిప్పడం, వెనక గోడ మీది వాక్యాన్ని పెద్ద అక్షరాల్లో రాయించి అవతలి పక్క గోడకు అతికించడం. ముద్రించిన వెనక గోడను మాత్రం ఆ ప్రదర్శనలో మార్చలేరు. ఆ మూడు అంకెల కాగితం వచ్చే ప్రదర్శనకు గీసే మొదటి గీత దగ్గర పనికొస్తుంది.